మనిషి మూలకణాల్లో ఒక్క కొవ్వు బిందువూ రావడం లేదు, సాయం చేయండి

రాత్రిషిఫ్ట్:
మనిషి మూలకణాల్ని కొవ్వు కణాలుగా మార్చాలని మందులు పెట్టి ఇవాళ పదో రోజు. కొవ్వుకి పట్టే ఎర్రరంగు ఆయిల్ రెడ్ ఓ వేస్తే ప్లేటంతా ఎర్రటి సూదుల్లాంటి ముక్కలు, కణాల లోపల మాత్రం ఏమీ లేదు. పొద్దున్నుంచి ప్లేటులో మూడు వెల్స్‌కి (గుంటలకి) రంగు వేశాను, మూడూ అంతే. కణాల్ని మార్చే మందులు ఐబీఎంఎక్స్, డెక్సామెథసోన్, ఇన్సులిన్ అన్నీ కొత్తవే. తల పగిలిపోతోంది. తప్పెక్కడో చెప్పండి ప్లీజ్.

మైక్రాన్:
పాసేజ్ (కణాల్ని ఎన్నిసార్లు కొత్త ప్లేటుకి మార్చి పెంచారు) ఎంత? ప్లేటు ఎంత నిండాక మందులు పెట్టారు? ఇవి రాయకపోతే ఎవరేం చెప్తారు.

పదకోశం:
ముందు వీటిని మూలకణాలనడం మానండి. 2005లోనే కణ చికిత్సల అంతర్జాతీయ సంఘం ఐఎస్‌సీటీ మెసెంకైమల్ స్ట్రోమల్ కణాలు అనమంది. ప్లాస్టిక్‌కి అతుక్కుని సీడీ73, సీడీ90, సీడీ105 అనే గుర్తు ప్రొటీన్లు చూపినంత మాత్రాన మూలకణమని రుజువైపోదు. మెసెంకైమల్ మూలకణాలన్న పేరును ప్రచారంలోకి తెచ్చిన ఆర్నాల్డ్ కాప్లాన్ కూడా 2017లో పేరు మార్చమన్నారు. మూలకణమన్న మాట నమ్మే జనం క్లినిక్‌లలో డబ్బు పోసుకుంటున్నారు.

రాత్రిషిఫ్ట్:
సర్, పేరు సంగతి తర్వాత. పొట్ట చర్మం కింది కొవ్వులోంచి తీసినవి. పాసేజ్ 9. 70 శాతం నిండగానే పెట్టాను. ఇదే మిక్స్‌తో 3టీ3-ఎల్1 కణాలకి 8 రోజుల్లో బిందువులు వచ్చేసేవి.

కల్చర్‌గది:
చిక్కంతా అక్కడే ఉందండీ. 3టీ3-ఎల్1 చిట్టెలుకవి, వాటికి ఆ మూడు మందులు చాలు. మనిషి కణాలకి కొవ్వు కణంగా మార్చే స్విచ్‌లాంటి పీపీఏఆర్-గామా ప్రొటీన్‌ని లేపే నాలుగోది కావాలి: ఇండోమెథసిన్ 200 మైక్రోమోలార్, లేదా రోసిగ్లిటజోన్ 1 మైక్రోమోలార్. మిగతావి ఐబీఎంఎక్స్ 0.5 మిల్లీమోలార్, డెక్సా 1 మైక్రోమోలార్, ఇన్సులిన్ మిల్లీలీటరుకి 10 మైక్రోగ్రాములు. ఐబీఎంఎక్స్ నీళ్ళలో సరిగా కరగదు. డీఎంఎస్ఓ అనే ద్రావకంలో స్టాక్ చేసి, వెచ్చటి మీడియంలోనే (కణాలు పెరిగే ద్రవంలోనే) కలపండి. చల్లటి దాంట్లో వేస్తే స్ఫటికాలు కట్టి, మీరనుకున్న మోతాదు కణాలకి అందదు.

పాసేజ్ 9 బాగా ముదిరిపోయినట్టే, 5 దాటనివ్వకండి. ప్లేటు పూర్తిగా నిండాక ఇంకో రెండు రోజులు ఆగండి. విభజన ఆపిన కణాలే కొవ్వు దారి పడతాయి, 70 శాతం దగ్గర అవింకా పెరిగే పనిలోనే ఉంటాయి. 14 నుంచి 21 రోజులు పడుతుంది. బిందువులు కనిపించాక మీడియం సగమే మార్చండి, బరువెక్కిన కణాలు ఊరికే ఊడి తేలిపోతాయి.

ఆ సూదులు కొవ్వు కాదు, రంగే. 3 పాళ్ళు స్టాక్‌కి 2 పాళ్ళు నీళ్ళు కలిపి 10 నిమిషాలుంచి, వడకట్టి వెంటనే వాడండి. రంగుకి ముందు 60 శాతం ఐసోప్రొపనాల్‌తో కడగండి, వెల్ ఆరిపోనివ్వద్దు.

సందేహి:
మధ్యలో అడుగుతున్నా. ఇవే కణాలతో గోధుమ కొవ్వు, అదే వేడి పుట్టించే రకం, చేయొచ్చా?

పదకోశం:
గోధుమ కొవ్వు అంటే గోధుమల్లోంచి తీసిన కొవ్వనుకుంటారు. బ్రౌన్ అనండి.

మైక్రాన్:
పొట్టవి బ్రౌన్ కావు. బీజ్, అంటే తెల్ల కొవ్వులోనే పుట్టి బ్రౌన్‌లా వేడి పుట్టించే రకం.

కల్చర్‌గది:
నిజం. థైరాయిడ్ హార్మోన్ టీ3 1 నానోమోలార్, రోసిగ్లిటజోన్ మొదట్నుంచీ ఇస్తే బీజ్ వైపు వెళ్తాయి. చిన్న చిన్న బిందువులు కనిపించాయని బీజ్ అనుకోవద్దు, లేత తెల్ల కొవ్వు కణం కూడా అలాగే ఉంటుంది. కణాల్ని ఉత్తేజపరిచే ఫోర్‌స్కోలిన్ 10 మైక్రోమోలార్ పెట్టి 4 నుంచి 6 గంటల తర్వాత ఆర్‌ఎన్‌ఏ తీసి వేడి పుట్టించే ప్రొటీన్ జన్యువు యూసీపీ1 ఎంత పనిచేస్తోందో చూడండి. ఫోర్‌స్కోలిన్ లేని వెల్ పక్కన ఉండాలి, లేకపోతే పోల్చడానికేం ఉండదు.

పదకోశం:
బీజ్‌కి తెలుగు మాటే లేదా మరి? లేత గోధుమ అన్నా అదే తంటా.

రాత్రిషిఫ్ట్:
పాసేజ్ 3 వయల్ తీశాను. థాంక్సండీ.