పిల్లల షుగర్ గ్రూపులో పొడులు అమ్మేవాళ్ల బెడద, ఎలా ఆపాలో చెప్పండి

గుంటూరు అమ్మ:

అందరికీ నమస్కారం. పోస్టు పెద్దదే, కాస్త ఓపిగ్గా చదవండి, నిజంగా సలహా కావాలి.

మా పాపకి నాలుగో ఏట టైప్ వన్ షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ తయారు కాక రోజూ సూదితో ఇవ్వాల్సిన రకం) బయటపడింది, ఇప్పుడు తొమ్మిదేళ్లు. అప్పుడు హాస్పిటల్లో పక్కపక్క మంచాల మీద పిల్లల్ని పెట్టుకుని కూర్చున్న ముగ్గురు అమ్మలం నంబర్లు ఇచ్చిపుచ్చుకుని వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. రాత్రి రెండింటికి షుగర్ 54కి పడిపోతే ఏం పెట్టాలి, స్కూల్లో టీచర్‌కి ఎలా చెప్పాలి, ఫ్రిజ్ లేని ఊళ్లో పెళ్లికి వెళ్తే ఇన్సులిన్‌ని కుండలో ఎలా దాచాలి, ఇవే మా మాటలు. ఒకరు ఇంకొకర్ని చేర్చుకుంటూ ఇవాళ 640 మంది అయ్యాం. అడ్మిన్లం నలుగురం, నలుగురమూ ఇలాంటి పిల్లల తల్లిదండ్రులమే, ఎవరికీ పైసా రాదు, ఇంటి పని ఆఫీసు పని అయ్యాకే చూసుకుంటాం.

ఆర్నెల్లుగా ప్రకటనలతో ప్రాణం విసిగిపోతోంది. "90 రోజుల్లో ఇన్సులిన్ మానేయండి" అని ఒకడు, "క్లోమాన్ని మళ్లీ బతికించే వేర్లు" అని ఇంకొకడు. పొద్దున లేవగానే మొదటి పని అవి తీసేయడమే. నంబర్ తీసేస్తే ఇంకో నంబర్‌తో వస్తారు. గ్రూపులో పెట్టనివ్వకపోతే ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేస్తారు, అసలు ప్రమాదం అక్కడే ఉంది.

మొన్న ఫిబ్రవరిలో పల్నాడు వైపు పల్లె నుంచి ఒకమ్మాయి చేరింది, బాబుకి ఏడేళ్లు, షుగర్ అని తెలిసి నెల కూడా కాలేదు. చేరిన మూడో రోజే ఆమెకి ఫోన్: "నేనూ మీ గ్రూపులోనే ఉన్నానమ్మా, మా అబ్బాయి సూదులు మానేసి ఏడాదైంది." గ్రూపు పేరు చెప్పేసరికి నమ్మేసింది. రెండు డబ్బాల పొడికి 7,800 రూపాయలు కట్టింది. వాడు చెప్పినట్టే మొదట సూది సగం చేసింది, తర్వాత పూర్తిగా ఆపేసింది. బాబుకి వాంతులు, కడుపునొప్పి మొదలైతే తిన్నది పడలేదేమో అనుకుంది. నాకు ఫోన్ చేసినప్పుడు అడిగిన మాట నా చెవుల్లోంచి పోవట్లేదు: "అక్కా, మీటర్‌లో అంకె రావట్లేదు, హాయ్ అని వస్తోంది, పాడైపోయిందా?" అది హాయ్ కాదమ్మా, హై అని, మీటర్ కొలవలేనంత ఎక్కువైపోయిందని, చాలా మీటర్లలో 600 దాటితే అలా వస్తుందని చెప్పి, బాబు ఊపిరి ఎలా ఉందంటే ఫోన్ వాడి ముక్కు దగ్గర పెట్టింది. పరిగెత్తి వచ్చినవాడిలా లోతుగా, ఆగకుండా తీస్తున్నాడు. అర్ధరాత్రి ఆటోలో బయల్దేరారు. నాలుగు రోజులు ఐసీయూలో ఉండి బతికి బయటపడ్డాడు.

మా గ్రూపు వల్లే వాడికి ఆమె నంబర్ దొరికింది. ఆ మాట తలుచుకుంటే నాకు నిద్ర పట్టట్లేదు.

దీనికి తోడు ఇంకో రెండు తలనొప్పులు. ఏటా నవంబర్ 14న పిల్లలందర్నీ ఒకచోట కలుపుతాం (ప్రపంచ డయాబెటిస్ దినం, మనకి బాలల దినోత్సవం కూడా). ఆ ఖర్చంతా భరిస్తాం, వారానికి ఒక్క మెసేజ్ పెట్టనివ్వండి అని ఒక కంపెనీ అడుగుతోంది, అడ్మిన్లలో ఇద్దరు సరే అంటున్నారు. ఇంకొకటి, మాలోనే ఒకావిడ చిరుధాన్యాల దోసె పిండి అమ్ముకుంటుంది. పాపం మంచిదే, కానీ "షుగర్ పెరగదు" అని రాస్తుంది. ఆమెనీ ఆ పొడి వాడినీ ఒకే గాట కట్టడానికి మనసొప్పట్లేదు. మీరైతే ఏం చేస్తారు?

విశాఖ సిస్టర్:

అమ్మా, మీ తప్పు కాదు, ముందు ఆ బరువు దించుకోండి. పిల్లల వార్డులో పదకొండేళ్లుగా ఇన్సులిన్ వేయడం నేర్పుతున్నాను, వీళ్ల పద్ధతి నాకు బాగా తెలుసు.

వీళ్లు కొత్తవాళ్లనే ఎందుకు పట్టుకుంటారంటే, జబ్బు తెలిసిన మొదటి రోజుల్లో తల్లిదండ్రులకి భయం ఎక్కువ, తెలిసింది తక్కువ. దానికి తోడు ఇంకో సంగతి ఉంది, దాన్ని గ్రూపులో అందరికీ అర్థమయ్యేలా రాయండి. ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్ని వారాలకి చాలామంది పిల్లల క్లోమంలో మిగిలిన కాసిని బీటా కణాలు (ఇన్సులిన్ తయారుచేసేవి ఇవే) కాస్త తేరుకుని మళ్లీ కొంత ఇన్సులిన్ ఇస్తాయి. దీన్ని మేం హనీమూన్ దశ అంటాం. డోసు బాగా తగ్గిపోతుంది, కొందరికి రోజుకి రెండు మూడు యూనిట్లే సరిపోతాయి. కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది దాకా ఉంటుంది, తర్వాత పోతుంది. సరిగ్గా ఆ సమయంలో ఎవరైనా పొడి మొదలుపెడితే ఆ పేరంతా పొడికి వెళ్తుంది. "మా బాబుకి 20 యూనిట్ల నుంచి 4కి వచ్చింది" అని గ్రూపులో రాసే తండ్రి అబద్ధం చెప్పట్లేదు, తన కళ్లతో చూసిందే చెప్తున్నాడు. పొడి వాడు ఆ మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీసుకుని ఊరంతా తిప్పుతాడు. అందుకే నిజాయితీగా చెప్పిన అనుభవం కూడా ప్రకటన అయిపోతుంది, జాగ్రత్త.

1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించారు. అంతకుముందు ఈ జబ్బొచ్చిన పిల్లలకి తిండి కట్టడి చేసి కొన్నాళ్లు నెట్టుకురావడం తప్ప దారి లేదు. అందుకే పిల్లాడు తినకపోయినా, వాంతులవుతున్నా ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు, కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో పేరుకునే ఆమ్లాలు) చూసి డాక్టర్‌కి ఫోన్ చేయాలి. ఇది చేరిన రోజే చెప్పాలి. మీలో పాతవాళ్లు నలుగురు వంతులేసుకుని, కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ మొదటి రోజే ఫోన్ చేసి పది నిమిషాలు మాట్లాడండి. పొడి వాడి ఫోన్ కంటే మీ ఫోన్ ముందు వెళ్లాలి.

నల్గొండ నాన్న:

అక్కా, నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పని చేస్తాను, మా వాడికి కూడా టైప్ వన్. సూటిగా చెప్తాను. మామూలు వాట్సాప్ గ్రూపులో చేరిన ప్రతి ఒక్కరికీ మిగతా అందరి నంబర్లు కనిపిస్తాయి. అంటే ఒక్కడు లోపలికొస్తే చాలు, 640 నంబర్లు ఎత్తుకుపోతాడు, తర్వాత మీరు వాడిని తీసేసినా లాభం లేదు. మీ చేరే లింకు ఎక్కడో ఫేస్‌బుక్‌లో ఉండే ఉంటుంది, ముందు ఆ లింకు రీసెట్ చేయండి, పాతది పనిచేయదు.

తర్వాత సెట్టింగుల్లో కొత్త సభ్యులకి అడ్మిన్ అనుమతి ఆన్ చేయండి. అనుమతి ఇచ్చే ముందు రెండు ప్రశ్నలు అడగండి: పిల్లాడు ఏ ఇన్సులిన్ వాడుతున్నాడు, పొద్దున ఎన్ని యూనిట్లు. ఇంట్లో రోజూ సూది వేసేవాళ్లకి ఆలోచించే పని ఉండదు, ఠక్కున చెప్తారు, అమ్మేవాళ్లు చాలాసార్లు అక్కడే తడబడతారు. కొత్తగా తెలిసినవాళ్లయితే డిశ్చార్జి కాగితం చూసి చెప్తారు, కంగారుపడుతూనే చెప్తారు, తేడా తెలిసిపోతుంది.

అసలు పరిష్కారం మాత్రం వాట్సాప్‌లోనే కమ్యూనిటీగా (ఒకే గొడుగు కింద చాలా గ్రూపులు) మార్చడం. అందులో అనౌన్స్‌మెంట్ గ్రూపులో సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు, అడ్మిన్లకే కనిపిస్తాయి. ముఖ్యమైనవి అక్కడ పెట్టండి. మాట్లాడుకోవడానికి జిల్లాల వారీగా చిన్న గ్రూపులు పెడితే ఒక్కోదాంట్లో 60, 70 మందే ఉంటారు, ముఖాలు తెలిసినవాళ్లు ఉంటారు, ఎవడైనా జొరబడినా అన్ని నంబర్లూ పోవు. ఒకరోజు కూర్చుంటే అయిపోయే పని, కావాలంటే నేను ఫోన్‌లో దగ్గరుండి చేయిస్తాను.

రాజమండ్రి మందుల షాపు:

అందరూ ఆపడం గురించే చెప్తున్నారు, కేసు పెట్టడం గురించి కూడా ఆలోచించండి. 1954 నుంచే మనకి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉంది. దాని షెడ్యూల్లో ఉన్న 54 జబ్బుల్లో మధుమేహం ఒకటి. ఆ జబ్బుల్ని నయం చేస్తుందని జనానికి మందు ప్రకటన ఇవ్వడమే నేరం. మొదటిసారి ఆరు నెలల దాకా జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ, మళ్లీ చేస్తే ఏడాది దాకా. ఆయుర్వేదం లైసెన్సు ఉంది కదా అంటారు. లైసెన్సు తయారు చేయడానికి, ఈ మాట చెప్పుకోవడానికి కాదు.

ఇంకో మాట, ఆ ప్రకటన వెలువడటంలో ఏ రకంగానూ పాలుపంచుకోకూడదని ఆ చట్టంలోనే ఉంది. స్పాన్సర్ కంపెనీ మెసేజ్ మీరు పెట్టనిస్తే, అందులో ఇలాంటి మాట ఉంటే, మీ మెడకి చుట్టుకుంటుంది. మీ ఇద్దరు అడ్మిన్లకి ఇది చెప్పండి.

ఆ అమ్మాయి దగ్గర మిగిలిన డబ్బా పారేయనివ్వకండి. మూత పెట్టి, కవర్లో వేసి, బ్యాచ్ నంబర్ కనిపించేలా ఫొటో తీసి ఉంచమనండి. డబ్బు పంపిన రసీదు, ఫోన్ వచ్చిన నంబర్, తేదీ, మెసేజ్ స్క్రీన్‌షాట్లు, హాస్పిటల్ డిశ్చార్జి కాగితం అన్నీ ఒకచోట పెట్టి జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక కాపీ మీద అందినట్టు స్టాంపు వేయించుకోండి. 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఈ చట్టం కింద ఫిర్యాదులు తీసుకునే ఏర్పాటు చేయమని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. ఆయుష్ శాఖ అదే ఏడాది మే చివర్లో ఆయుష్ సురక్ష అనే పోర్టల్ తెచ్చింది, తప్పుదారి పట్టించే ప్రకటనల మీద అందులో ఫిర్యాదు చేయొచ్చు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. తెలంగాణలో ఉన్నవాళ్లు డ్రగ్స్ కంట్రోల్ వాళ్ల టోల్ ఫ్రీ 1800-599-6969కి చేయండి, వాళ్లు ఇలాంటి ప్రకటనలున్న మందుల్ని తరచూ పట్టుకుంటున్నారు.

ఆ పొడి పరీక్షకి వెళ్లడం ఎందుకు ముఖ్యమంటే, మూలికలు మాత్రమే అని అమ్మిన షుగర్ మందుల్లో మెట్‌ఫార్మిన్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి ఇంగ్లీషు మందులు కలిపినవి బయటపడ్డ సందర్భాలు ఉన్నాయి. పెద్దవాళ్లకి టైప్ టూలో (ఒంట్లో ఇన్సులిన్ తయారవుతున్నా సరిపోని రకం) దానివల్లే తగ్గినట్టు కనిపిస్తుంది. క్లోమంలో బీటా కణాలే పోయిన పిల్లాడికి అది ఇన్సులిన్ పని చేయలేదు.

కాకినాడ రాగిజావ:

ఆ దోసె పిండి ఆవిడ తరఫున మాట్లాడతాను, ఎందుకంటే ఇంకో గ్రూపులో నేనూ అలాగే అమ్ముకునేదాన్ని. మీటర్ స్ట్రిప్పులకి, ఒంటికి అంటించి షుగర్ చూసే సెన్సార్లకి నెలకి ఎంతవుతుందో మీకు చెప్పక్కర్లేదు, సెన్సార్ ఒకటి పద్నాలుగు రోజులే వస్తుంది. ఆ ఖర్చుకే నేను పిండి మొదలుపెట్టాను. మా అడ్మిన్ నన్ను అందరి ముందు తిట్టి తీసేశారు, నెల రోజులు ఏడ్చాను, రాత్రి పూట పాప షుగర్ పడిపోతే అడగడానికి ఎవరూ లేకుండా పోయారు. కాబట్టి ఆమెని తీసేయకండి, విడిగా ఫోన్ చేసి చెప్పండి. ఆ "షుగర్ పెరగదు" అన్న మాట మాత్రం తప్పే, నాకూ తర్వాతే తెలిసింది. 100 గ్రాముల కొర్రల్లో దాదాపు 60 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, ఆ లెక్కకి ఇన్సులిన్ వేయకపోతే పిల్లకి పెరుగుతుంది. ఒక దోసెకి ఎన్ని గ్రాముల పిండిపదార్థమో ప్యాకెట్ మీద రాయమనండి, ఇన్సులిన్ లెక్క వేసుకునే అమ్మలకి అదే కావాలి. నెలకి ఒక్క ఆదివారం సభ్యుల ఇంటి వస్తువులకి వదిలేయండి, మిగతా రోజుల్లో వద్దు.

ఖమ్మం తలసీమియా నాన్న:

స్పాన్సర్ సంగతి నా అనుభవం చెప్తాను చెల్లెమ్మా. మాది తలసీమియా పిల్లల గ్రూపు, నెలనెలా రక్తం ఎక్కించుకునే పిల్లలు. మేం ఒక సంస్థ డబ్బు తీసుకున్నాం. మొదటి ఏడాది బ్యానర్ కట్టుకున్నారు, అంతే. రెండో ఏడు స్టేజి మీద పది నిమిషాలు మాట్లాడతామన్నారు. మూడో ఏడు భోజనాల ఖర్చు మాది, మీ పిల్లల వివరాలూ తల్లిదండ్రుల నంబర్లూ ఒక షీట్‌లో ఇవ్వండి అన్నారు. అడ్వాన్స్ అప్పటికే హాలుకి కట్టేశాం, వద్దనడానికి నోరు రాక చాలా ఇబ్బందిపడ్డాం. చివరికి వద్దన్నాం, డబ్బు చేతి నుంచి తిరిగిచ్చాం. ఆ ఏడు ఒక్కొక్కరూ ఒక కూర వండి తెచ్చారు, ఊళ్లో ఒక ఫంక్షన్ హాలు ఆయన అద్దె తీసుకోలేదు. అప్పుడే అందరి సంతకాలతో ఒక పేజీ రాసుకున్నాం: ఎవరి దగ్గరా డబ్బు తీసుకుని మెసేజ్ పెట్టం, నంబర్లు ఇవ్వం. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఆ పేజీ ఫొటో పంపిస్తాం, వాదన ఉండదు.

గుంటూరు అమ్మ:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు, చదువుతుంటే ఏడుపొచ్చేసింది. నిన్న రాత్రి నలుగురం కూర్చున్నాం. లింకు మార్చేశాం. నల్గొండ తమ్ముడూ, ఆదివారం నీకు ఫోన్ చేస్తాను, కమ్యూనిటీ పని ఆ రోజే పెట్టుకుందాం. కంపెనీకి వద్దని చెప్పేశాం. మందుల షాపు గారు చెప్పిన చట్టం మాట వినగానే ఆ ఇద్దరూ ఇంకేం మాట్లాడలేదు. దోసె పిండి ఆవిడతో నేనే మాట్లాడాను, కాసేపు నొచ్చుకుంది, తర్వాత పిండి ఎలా తూకం వేయాలక్కా అని తనే అడిగింది.

సిస్టర్ గారూ, హనీమూన్ దశ గురించి మీరు రాసింది మీ అనుమతితో గ్రూపులో పిన్ చేయాలనుకుంటున్నాను, ఒక్క మాట చెప్పండి. ఖమ్మం అన్నయ్య గారూ, ఆ పేజీ నమూనా పంపితే మేమూ రాసుకుంటాం.

పల్నాడు అమ్మాయికి ఫోన్ చేశాను. ఒక డబ్బా సగం వాడిందట, రెండోది సీలు కూడా తీయలేదు, బియ్యం డబ్బా వెనక దాచిందట అత్తగారికి కనిపించకుండా. రెండూ పారేయొద్దని చెప్పాను. గురువారం వాళ్లాయన పనికి సెలవు పెట్టి వస్తానన్నాడు, ముగ్గురం కలిసి ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి వెళ్తున్నాం. ఫిర్యాదులో ముందు ఏ విషయం రాయాలో ఎవరైనా చూసి చెప్పగలిగితే, బుధవారం రాత్రి ఇక్కడే రాసి పెడతాను.