పాత అవుట్‌బోర్డ్ మోటారుకు కొత్త ప్రొపెల్లర్: పాత అంకెలదే కొనాలా, పిచ్ తగ్గించాలా?

గౌతమి_మొగ

భైరవపాలెం వైపు మాకు 24 అడుగుల ఫైబర్ బోటు ఉంది. దాని వెనక యమహా 40 హార్స్‌పవర్ మోటారు. రెండు స్ట్రోకులది, ఇరవై ఏళ్లు దాటింది, బోటుతో పాటే పాతది కొన్నాం. నది సముద్రంలో కలిసే మొగలో ఇసుక మేటకు తగిలి ప్రొపెల్లర్ రెక్క ఒకటి చిరిగింది. ఆ రెక్కకు అంతకు ముందే వెల్డింగు పడి ఉంది కాబట్టి ఇక కొత్తది కొనక తప్పదు. పాతదాని మీద 11 3/8 × 12 జి అని అచ్చు ఉంది.

కాకినాడ దుకాణంలో అవే అంకెలున్నది తీసుకోమంటున్నారు. మా బావ పిచ్, అంటే ఆ రెండో అంకె, 10కి తగ్గించమంటాడు. మాతో వేటకు వచ్చే ఒకాయన స్టెయిన్‌లెస్ స్టీలుదే వేయాలంటాడు. రెక్క చిరగక ముందు మీటరు పెట్టి చూశాం. వల, ఐసు, ముగ్గురు మనుషులతో థ్రాటిల్ పూర్తిగా తిప్పితే 4300 ఆర్‌పీఎం వచ్చింది. ఖాళీ బోటుతో 5000. మోటారు పుస్తకంలో 4500 నుంచి 5500 మధ్య ఉండాలని రాశారు. డబ్బు ఒక్కసారే పెట్టగలం. ఎవరి మాట వినాలి?

లంగరు_మేస్త్రి

పాత అంకెలదే కొనండి. ఈ పనిలో నేను ఎక్కువగా చూసేది ఒకటే: మోటారు బలం తగ్గితే నింద ప్రొపెల్లర్ మీద పడుతుంది. ఇరవై ఏళ్ల మోటారు బరువు మీద 4300 దగ్గర ఆగిపోతోందంటే ముందు కంప్రెషన్, అంటే సిలిండర్లలో పుట్టే ఒత్తిడి, కొలవాలి. సిలిండర్ల మధ్య తేడా ఎక్కువ ఉందా? కార్బురేటర్ శుభ్రంగా ఉందా? థ్రాటిల్ తీగ చివరిదాకా లాగుతోందా? బోటు అడుగున గుల్ల పట్టిందా? ఇవేవీ చూడకుండా పిచ్ తగ్గిస్తే జబ్బు అలాగే ఉండి లక్షణం మాత్రం కనబడకుండా పోతుంది. రేపు కార్బురేటర్ బాగు చేయించాక అదే మోటారు ఖాళీ బోటుతో హద్దు దాటి తిరుగుతుంది. పాత రెండు స్ట్రోకుల మోటార్లలో చాలావాటికి వేగాన్ని ఆపే ఏర్పాటు ఉండదు. పిస్టన్ పట్టేస్తే ప్రొపెల్లర్ ఖర్చుకు ఎన్నో రెట్లు పోతుంది.

ఉప్పుటేరు

మేస్త్రి గారు చెప్పిన తనిఖీలన్నీ చేయించాల్సిందే, అందులో నాకు వేరే మాట లేదు. పాత అంకెలదే కొనమనడాన్ని మాత్రం గట్టిగా కాదంటాను. ఆ ప్రొపెల్లర్ మీద ఉన్న 12 మీ బోటు కోసం ఎవరూ ఎంచింది కాదు. మీకు అమ్మినాయన ఏ బోటుకు, ఎంత బరువుకు వేశాడో మనకు తెలియదు. ఆ అంకె చెప్పేది ప్రొపెల్లర్ కొలత ఒక్కటే. మీ పడవకు ఏది కావాలో చెప్పేది మీటరు, ఆ మాట అది ఇప్పటికే చెప్పేసింది.

అచ్చులో మొదటి అంకె వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లోనే. జారకుండా తిరిగితే ఒక చుట్టుకు ఎంత దూరం ముందుకు పోవాలో అదే పిచ్. పిచ్ ఒక అంగుళం తగ్గితే పూర్తి థ్రాటిల్‌లో సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. ఈ లెక్కన 11 వేస్తే బరువుతో 4450 నుంచి 4500 వస్తుంది. 10 వేస్తే 4600 నుంచి 4700. ఖాళీగా 11కి 5150 నుంచి 5200, 10కి 5300 నుంచి 5400. రెండింటిలో ఏది వేసినా 5500 దాటదు. ఇక హద్దు దాటుతుందన్న భయం ఎందుకు?

పైన తిరగడం గురించి అందరూ భయపడతారు, కింద ఆగిపోవడం గురించి ఎవరూ పట్టించుకోరు. నన్ను కలతపెట్టేది అదే. థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉండగా ఆర్‌పీఎం పుస్తకంలోని కింది హద్దును కూడా అందుకోకపోతే సిలిండర్ మీద ఒత్తిడి, వేడి పెరుగుతాయి, మసి కడుతుంది, రింగులు ఇరుక్కుంటాయి. బరువు లారీని ఘాటు రోడ్డు మీద టాప్ గేరులో ఈడ్చినట్టే. చప్పుడు తక్కువగా ఉంటుంది కాబట్టి మోటారు సుఖంగా ఉందనుకుంటాం. రోజూ నిండు బరువుతో వెళ్లే వేట బోట్లలో మోటారును నెమ్మదిగా తినేసేది ఇదే.

ఒక ప్రశ్న. బరువుతో వెళ్లేటప్పుడు ఫోను జీపీఎస్‌లో వేగం ఎంత వస్తోంది?

గౌతమి_మొగ

గంటకు 26 కిలోమీటర్లు. పోటు, పాటు లేని వేళ చూశాం.

ఉప్పుటేరు

అయితే లెక్క చూడండి. మీ మోటారుకు గేరు నిష్పత్తి 2:1 అనుకుందాం, పుస్తకంలో ఒకసారి సరిచూసుకోండి. మోటారు 4300 తిరిగితే ప్రొపెల్లర్ నిమిషానికి 2150 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు 12 అంగుళాలు, అంటే 30 సెంటీమీటర్ల పైచిలుకు. నిమిషానికి 655 మీటర్లు, గంటకు 39 కిలోమీటర్లు పోవాలి. పోతున్నది 26. మూడో వంతు జారిపోతోంది. బరువు బోట్లకు ఎంతో కొంత జారుడు తప్పదు కానీ ఇది ఎక్కువే. అంత పెద్ద పిచ్‌ను ఆ బరువు మీద తిప్పే శక్తి ఆ మోటారుకు లేదని అర్థం.

అంతకంటే ముందు ఇంకో అనుమానం తీర్చుకోవాలి. ప్రొపెల్లర్ మధ్యలో రబ్బరు బుష్ ఉంటుంది. అది వదులైతే షాఫ్టు తిరిగినంతగా రెక్కలు తిరగవు. లోపలి ఇత్తడి గొట్టం మీదుగా బయటి అల్యూమినియం దాకా పెయింటుతో అడ్డంగా ఒక గీత గీసి, బరువుతో ఒకసారి పరుగు తీయించండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగి ఉంటే బుష్ పోయినట్టే. అప్పుడు ఇప్పటిదాకా చెప్పిన కొలతలేవీ చెల్లవు. బుష్ జారితే మోటారు మోత పెరిగి బోటు కదలకపోవాలి. మీ మోటారు మోత తక్కువగానే ఉంది కాబట్టి బుష్ బాగానే ఉండి ఉంటుంది. అయినా చూడటానికి ఖర్చేమీ లేదు.

పులికాట్_గాలి

స్టెయిన్‌లెస్ మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను: వద్దు. మా పులికాట్‌లో నీళ్లు నడుము లోతు కూడా ఉండని చోట్లే ఎక్కువ. మీ మొగలో మేటలు వానాకాలం వరద తర్వాత చోటు మారుతూ ఉంటాయి. దెబ్బ తగలడం ఖాయం, ఎప్పుడన్నదే ప్రశ్న. అల్యూమినియం రెక్క వంగుతుంది, చిరుగుతుంది, ఆ దెబ్బను తనే తింటుంది. స్టీలు వంగదు. ఆ దెబ్బ షాఫ్టుకు, గేర్లకు చేరుతుంది. పాత మోటారుకు గేరు కేసు సామాను వెతుక్కోవడం కంటే కొత్త అల్యూమినియం ప్రొపెల్లర్ కొనుక్కోవడం ఎంతో తేలిక.

భీమిలి_తెరచాప

రబ్బరు బుష్ ఉన్నది ఆ దెబ్బ కోసమే కదా? రెక్క స్టీలుదైనా అల్యూమినియందైనా, దెబ్బ తగిలితే బుష్ మెలితిరిగి గేర్లను కాపాడుతుంది. స్టీలు రెక్క పలుచగా ఉంటుంది, బరువు మీద వంగదు, అందుకే నీటిని బాగా పట్టుకుంటుంది. అల్యూమినియం రెక్క అంచు ఇసుకలో అరిగి మొద్దుబారుతుంది. ఒకటి రెండుసార్లు వెల్డింగు పడ్డాక దాని ఆకారమూ సరిగా ఉండదు, బలమూ ఉండదు. మా వైపు లోతు నీళ్లలో స్టీలు వాడేవాళ్లు సంతోషంగానే ఉన్నారు.

లంగరు_మేస్త్రి

భీమిలి వారు లోతు నీళ్ల మాట చెబుతున్నారు, అడిగినవారిది మొగ. బుష్ కాపాడేది మెలిక నుంచి. రెక్క గట్టిగా రాయికి గుద్దుకుంటే షాఫ్టు పక్కకు వంగుతుంది, దాన్ని బుష్ ఆపలేదు. ఇంకో సంగతి, ఉప్పు నీళ్లలో అల్యూమినియం గేరు కేసు పక్కన స్టీలు ప్రొపెల్లర్ పెడితే, గేరు కేసును ఉప్పు తినకుండా దాని బదులు కరిగే జింకు ముక్క తొందరగా కరుగుతుంది. అది కరిగిపోయిన సంగతి చూసుకోకపోతే తర్వాత తినేది గేరు కేసునే. పాత మోటార్లలో జింకు ముక్క ఉండాల్సిన చోట బోల్టు మాత్రమే మిగిలి ఉండటం తరచూ చూస్తుంటాను. ఈ బోటుకు అల్యూమినియమే.

మిచిగన్_సరస్సు

ఇక్కడ సరస్సుల్లో పాత జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లు ఇంకా చాలా తిరుగుతున్నాయి. వాటిని తయారుచేసిన ఓఎంసీ 2000 డిసెంబరులో దివాలా తీసింది. తర్వాత ఆ పేర్లను బొంబార్డియర్ తీసుకుంది. జాన్సన్ 2007లో ఆగింది, ఎవిన్‌రూడ్ తయారీ 2020లో నిలిచిపోయింది. అయినా సోలాస్, మిచిగన్ వీల్ లాంటి కంపెనీల దగ్గర ఈ మోటార్లకు సరిపోయే ప్రొపెల్లర్లు ఉన్నాయి. అందుకని మోటారు పాతదైనంత మాత్రాన దొరికినదానితో సరిపెట్టుకోనక్కరలేదు.

పిచ్ గురించి ఇంత చర్చ జరిగింది కానీ అసలు ఎక్కుతుందా లేదా అన్నది ఎవరూ చెప్పలేదు. షాఫ్టు మీద పళ్లు లెక్కపెట్టండి. గేరు కేసు వెనక అంచు వ్యాసం కొలవండి. పొగ ప్రొపెల్లర్ మధ్య నుంచి పోతుందా, పై నుంచి పోతుందా చూడండి. చిన్న పాత మోటార్లలో పళ్లు ఉండవు, షియర్ పిన్ను మాత్రమే ఉంటుంది. ఆ పిన్ను విరగడమే దాని పని. దాని బదులు మేకు ముక్క దూర్చేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది, విరగాల్సింది విరగకపోతే గేరు విరుగుతుంది.

మీ అచ్చులో చివర ఉన్న జి అక్షరం ఏ తరగతి మోటార్లకు సరిపోతుందో చెప్పే గుర్తు. పిచ్ ఏదైనా మార్చుకోండి, ఆ అక్షరం మాత్రం మారకూడదు.

గౌతమి_మొగ

అందరూ చెప్పినవి చేశాం. రెండు సిలిండర్లలో కంప్రెషన్ దాదాపు సమానం. కార్బురేటర్ విప్పి శుభ్రం చేయించాం. మా ప్రొపెల్లర్ రెక్క చిరిగిందైనా నెమ్మదిగా తిప్పి పెయింటు గీత చూశాం, జరగలేదు. తర్వాత పక్క ఊరి బోటు నుంచి 11 5/8 × 11 జి అడిగి తెచ్చి వేశాం. అదే వల, అదే ఐసు, అదే మనుషులు. 4500 వచ్చింది. వేగం తగ్గుతుందనుకున్నాను, గంటకు 27 కిలోమీటర్లు చూపించింది. ఖాళీగా 5200.

మా బావ ఇంకా 10 అనే అంటున్నాడు.

ఉప్పుటేరు

మీ బావ మాటలో న్యాయం ఉంది. 4500 అంటే కింది హద్దు మీద నిలబడినట్టే. చేపలు బాగా పడి తిరిగి వచ్చే రోజు బరువు ఇంకా పెరుగుతుంది, మళ్లీ 4500 కిందికి దిగిపోతారు. రోజూ నిండు బరువుతో పనిచేసే బోటుకు మధ్యలో ఉండటం మంచిది. నేనైతే 10 వేస్తాను. ఖాళీగా 5400 వచ్చినా పుస్తకం ఒప్పుకున్న లోపలే.

లంగరు_మేస్త్రి

11 వరకు ఒప్పుకుంటాను. మీటరు చూపించింది, కంప్రెషన్ బాగుంది, ఇక వాదన అనవసరం. 10కి మాత్రం నేను చేయి వేయను. మొగ దాటేటప్పుడు అల మీదికి లేచి ప్రొపెల్లర్ గాలి మింగుతుంది. ఆ క్షణంలో ఆర్‌పీఎం ఎగిరిపోతుంది. పిచ్ తగ్గేకొద్దీ 5500కీ మీకూ మధ్య ఎడం తగ్గుతుంది. మీటరు బోటులో రోజూ ఉండదు, థ్రాటిల్ ఎవరి చేతిలో ఉంటుందో కూడా ముందే చెప్పలేం.

ఉప్పుటేరు

గాలి మింగితే 12 వేసినా ఎగురుతుంది మేస్త్రి గారూ, అక్కడ కాపాడేది పిచ్ కాదు, థ్రాటిల్ తగ్గించే చేయి. మోటారు ఎత్తు కూడా చూడాలి. ప్రొపెల్లర్ పైన ఉండే పళ్లెం బోటు అడుగుకు మరీ పైన ఉంటే చిన్న అలకే గాలి మింగుతుంది. గౌతమి గారూ, కొనేముందు ఒక బద్ద ఆనించి అది చూడండి.

లంగరు_మేస్త్రి

ఎత్తు సంగతి సరే. 10 మీద నా మాట మారదు. ఏది కొన్నా బిగించేటప్పుడు ఇవి వదలకండి. ప్రొపెల్లర్ ముందు ఉండే దళసరి వాషరు పాతదానికే అతుక్కుని దుకాణంలో ఉండిపోతుంది, అడిగి తెచ్చుకోండి. అది లేకుండా బిగిస్తే ప్రొపెల్లర్ గేరు కేసును రాసుకుంటుంది. విప్పినప్పుడు షాఫ్టు చుట్టూ వల దారం చుట్టుకుని ఉందేమో చూడండి. అది సీలును కోస్తే నీళ్లు లోపలికి పోయి గేరు నూనె పాలలా మారుతుంది. షాఫ్టు పళ్లకు మెరైన్ గ్రీజు రాయండి, స్ప్లిట్ పిన్ను కొత్తది వేయండి. అడిగి తెచ్చిన 11 తిరిగి ఇచ్చేముందు దాని వాషరు దానికే ఇచ్చారో లేదో చూసుకోండి.

గౌతమి_మొగ

సోమవారం 11 కొంటున్నాం, అల్యూమినియందే. నిండు బరువుతో కొన్నాళ్లు చూసి 4500 కిందికి దిగుతుంటే 10 సంగతి మళ్లీ ఇక్కడే అడుగుతాను. పళ్లెం ఎత్తు ఇప్పుడే చూశాం, బోటు అడుగు కంటే రెండు వేళ్లు పైన ఉంది. మోటారు ఎంత దించాలి?