ఒప్పుకున్న ధరకే పాత కారు పెయింటు పని పూర్తి చేయాలా?

మర్రిపాలెం వాసి:
మా నాన్నగారి పాత అంబాసిడర్‌ను గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు ఇచ్చాను. మొత్తం పని గుత్తకు మాట్లాడుకున్నాం. పాత రంగు గీకాక తలుపుల అడుగు, నేల రేకు తుప్పు పట్టాయని మేస్త్రీ ఇంకా డబ్బు అడుగుతున్నారు. రెండు నెలలు గడిచాయి. ఇది న్యాయమేనా?

పెదవాల్తేరు:
కాదు. మాట అంటే మాటే. పాత బండి అని తెలిసే కదా ధర చెప్పారు. ఈ రోజు తుప్పు అంటారు, రేపు ఇంకొకటి. దీనికి అంతు ఉండదు.

మేస్త్రీ మేనల్లుడు:
మా మామయ్య కూడా ముప్పై ఏళ్లు ఈ పని చేశారు, అందుకే ఊరుకోలేక రాస్తున్నాను. పాత లప్పం (గుంటలు పూడ్చే ముద్ద) కింద ఏముందో గీకేదాకా ఎంతటి మేస్త్రీకైనా తెలియదు. మన విశాఖ ఉప్పుగాలి తలుపు అడుగున, మడ్‌గార్డు లోపల, రబ్బరు మ్యాటు కింద చేరి రేకును లోపలినుంచి తింటుంది. పైన రంగు ఉబ్బేసరికి కింద రేకు చిల్లులు పడి ఉంటుంది. దాన్ని కోసి, కొత్త ముక్కను వంచి వెల్డింగ్ చేయడం టింకరింగ్. పెయింటు ధరలో అది ఎలా కలుస్తుంది? పాత డబ్బుకే చేయాలని పట్టుబడితే తుప్పు మీదే లప్పం పెట్టి రంగు కొట్టే షెడ్లు ఉన్నాయి. వానాకాలం తిరిగేసరికి బుడగలు లేస్తాయి.

రంగు కొట్టేది ఒకటి రెండు రోజులే, అసలు శ్రమంతా అరగదీయడంలోనే ఉంది. రంగుకు ముందు కొట్టే ప్రైమర్ మీద 400, 600 నంబర్ల వాటర్ పేపరు (తడిపి రుద్దే గరుకు కాగితం), చివర మెరుపుకు కొట్టే క్లియర్ కోటు మీద ఇంకా నున్నటి 1500, 2000. మామయ్య కళ్లు మూసుకుని అరచేత్తో బానెట్ నిమిరి, కంటికి అందని గుంటను పట్టుకునేవారు. ఆ చేతికి మనం ఏ ధర కడుతున్నాం?

ఇక ఆలస్యం సంగతి. తేమ ఎక్కువున్న రోజు రంగు కొడితే, దాన్ని పలుచన చేసే థిన్నరు ఆవిరవుతూ రేకును చల్లబరుస్తుంది. గాలిలోని తేమ దానిమీద చేరి రంగు తెల్లగా పాలిపోవచ్చు. వాన వెలిసేదాకా ఆగడం పనితనమే. రంగు గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లోని ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉబ్బసం తెస్తాయి, ముఖానికి చుట్టుకున్న తువ్వాలు వాటిని ఆపదు. సరైన మాస్కు ఖర్చు కూడా కూలిలో భాగమని నా వాదన.

పెదవాల్తేరు:
పనితనాన్ని నేను కాదనలేదు. కానీ బండి యజమానికి చెప్పకుండా పని పెంచితే?

మేస్త్రీ మేనల్లుడు:
అది తప్పే. గీకిన వెంటనే పని ఆపి, రేకు చూపించి, టింకరింగ్‌కు వేరే ధర మాట్లాడాలి. రంగు, ప్రైమర్ బిల్లులు మీరే నేరుగా కట్టండి. కూలి దశలవారీగా ఇవ్వండి. అది షెడ్డు యజమాని దగ్గరే ఆగిపోకుండా అరగదీసే కుర్రాడికీ చేరుతోందా అని అడగండి.

మర్రిపాలెం వాసి:
రేపు పొద్దున్నే వెళ్లి నేల రేకు నేనే చూస్తాను. చిల్లులుంటే టింకరింగ్ డబ్బు వేరుగా ఇస్తాను. ఆ షెడ్డులో మాస్కు ఎవరూ పెట్టుకోవడం చూడలేదు, దాని సంగతి కూడా మాట్లాడతాను.