ఒక మూల ఎండితే కౌంటీ అంతటికీ మేత సొమ్మా?

మొదటి పోస్టు: ఆల్పైన్, టెక్సస్ నుంచి

ఇక్కడ పశువుల మందలు మేపే రాంచర్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే కరవు మేత సాయాన్ని నేను వద్దనడం లేదు. కొలిచే తీరే తప్పంటున్నాను.

లైవ్‌స్టాక్ ఫోరేజ్ ప్రోగ్రామ్ అనే ఈ పథకం 2008 వ్యవసాయ చట్టం (ఫార్మ్ బిల్లు)తో వచ్చింది, 2014లో శాశ్వతమైంది. ప్రతి గురువారం వెలువడే డ్రాట్ మానిటర్ అనే కరవు పటమే దానికి ఆధారం. ఒక రకం పచ్చికకు ఉండే మేత కాలంలో కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఏ కొంచెం భాగమైనా డి3, అంటే అతి తీవ్ర కరవు రంగులోకి వస్తే చాలు, ఆ కౌంటీలో అదే రకం పచ్చిక మీద మంద మేపుకునే అర్హులందరికీ మూడు నెలల సాయం అందుతుంది. నెలకు మేత ఖర్చులో 60 శాతం లెక్క. ప్రీమియం కట్టేది లేదు, తన బీట్లో గడ్డి ఎండిందని ఎవరికీ చూపించే పని లేదు. ఒక్కొక్కరికి ఏడాదికి 1,25,000 డాలర్ల దాకా రావచ్చు.

మా బ్రూస్టర్ కౌంటీ సుమారు 16,000 చదరపు కిలోమీటర్లు. మన పాత అనంతపురం జిల్లా 19,000, అందులో 63 మండలాలు. ఒక్క మండలం ఎండిందని 63 మండలాలకూ డబ్బు పంచితే ఒప్పుకుంటామా? మన దగ్గర కరవు ప్రకటించేది మండలాల వారీగానే కదా! ఇక్కడ ఆల్పైన్ కొండల దగ్గర పడే వాన రియో గ్రాండే నది వైపు ఎడారిలో పడదు. అయినా రెండూ ఒకే గాటన.

జవాబు: అమరిల్లో, టెక్సస్ నుంచి

అన్నా, నేను దాణా అమ్మే చోట లెక్కలు రాస్తాను. గడ్డి అయిపోయినవాడు చివరికి ఈనే ఆవుల్ని కూడా అమ్ముకోవాల్సి వస్తుంది. పెయ్యను పెంచి మళ్లీ ఈనేదాకా తేవాలంటే రెండేళ్లు. 2025 జనవరి 1 నాటికి దేశం మొత్తం మంద సుమారు 8.67 కోట్లు, 1951 తర్వాత అప్పటికి అదే అతి తక్కువ. ప్రతి బీడూ తిరిగి చూసి డబ్బివ్వాలంటే ఈలోపు మంద సంతకెళ్లిపోతుంది. కౌంటీ హద్దు మొరటు కొలతే, కానీ అందువల్లే సాయం తొందరగా అందుతోంది. నాకు అదే ముఖ్యం.

జవాబు: నల్గొండ నుంచి

నాదొక ప్రశ్నండీ. ఆ డబ్బు భూమి ఉన్నవాడికా, మేపేవాడికా? మా దగ్గర 2018లో రైతుబంధు మొదలైనప్పుడు పట్టాదారుకే వచ్చింది. కౌలుకు దున్నేవాడు పెట్టుబడీ పెట్టాడు, నష్టమూ మోశాడు, చేతికి ఒక్క రూపాయీ రాలేదు. ఆ బాధ చూసినదాన్ని కనుక అడుగుతున్నా.

మొదటి పోస్టు వారి జవాబు

మంచి మాట అడిగారమ్మా. ఇక్కడ పచ్చిక సొంతమైనా, నగదు కౌలుకు తీసుకున్నదైనా సాయం మంద మేపేవాడికే. ఈ ఒక్క విషయంలో పథకం రాసినవాళ్లను మనసారా మెచ్చుకుంటాను. కౌలుదారుణ్ని గుర్తించడం కుదరదనే మాట నేనిక నమ్మను.

అమరిల్లో తమ్ముడూ, తొందర అవసరమేనని ఒప్పుకుంటున్నా. కానీ బీడు బీడూ తిరగక్కర్లేదు. ఈ సాయం ఇచ్చే వ్యవసాయ శాఖే పచ్చికకు వాన సూచీ బీమా నడుపుతోంది. వాన కొలవడానికి దానికి కౌంటీ హద్దులతో పనిలేదు, పటం మీద అక్షాంశ రేఖాంశాల పావు డిగ్రీ గళ్లే లెక్క. అంటే ఉత్తర దక్షిణాలుగా సుమారు 28 కిలోమీటర్లు. ఎవరూ పొలానికి రారు, గడిలో వాన తగ్గితే పరిహారం. ఆ గళ్లనే మేత సాయానికీ వాడితే బీడు బీడూ తిరిగేంత ఆలస్యం కాదు. డబ్బు కట్టే బీమాకు చిన్న గడి, ఊరికే ఇచ్చే సాయానికి జిల్లా అంత గడి ఎందుకో నువ్వు చెప్పు.