మున్నీటనా, మున్నేటనా?

భీమిలి సభ్యులు: "కార్తికాన మున్నీట తీయనీరు పారు" అనే పాదం చిన్నప్పుడు మా మేనమామ నోట విన్నాను, ముందు పాదం గుర్తు లేదు. మున్నీరంటే సముద్రం కదా, అందులో తీయనీరు పారడమేమిటి? పూర్తి పద్యం ఎవరైనా ఎరుగుదురా?

ఖమ్మం సభ్యులు: అది "మున్నేట" అయి ఉంటుంది. మా మున్నేరు కృష్ణలో కలిసే ఏరే కాబట్టి అర్థానికి ఇబ్బంది లేదు. ఛందస్సు మాత్రం తీర్పు చెప్పదు, "న్నీ" అన్నా "న్నే" అన్నా గురువే.

కాకినాడ సభ్యులు: ఏట్లో తీయనీరు పారుతుందని చెప్పడానికి కవి ఎందుకండీ? "మున్నీట" అన్నదే సరైన పాఠం, కార్తికం అందులో ఊరికే పడలేదు. వానకాలంలో గంగా బ్రహ్మపుత్రలు, మహానది దించిన మంచినీరు బంగాళాఖాతం ఉత్తరాన పోగుపడి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి దిగే తీరప్రవాహంతో, సుమారు 100 కిలోమీటర్ల వెడల్పు పట్టీగా మన ఒడ్డు వెంబడే సాగుతుంది. జాలర్లు సీసాల్లో పట్టి తెచ్చిన నీటి ఉప్పదనాన్ని కొలిచిన పరిశోధకులు 2014లో దీన్ని "సముద్రంలో నది" అనే పిలిచారు.

యానాం సభ్యులు: గోదావరి వరదప్పుడు మొగ దాటితే ఎర్రనీటికీ నీలినీటికీ నడుమ నురగ గీత కట్టి ఉంటుంది, దాని వెంట గుర్రపుడెక్క బారులు తీరుతుంది. పడవ అంచు నుంచి వేలు ముంచి నాలుకకు రాసుకుంటే ఇటు చప్పన, అటు ఉప్పన.

చెన్నై సభ్యులు: అసలు "మున్" ఏమిటో తేల్చకుండా ఎంత దూరం వెళ్ళాం! తమిళంలో దంత్య నకారంతో రాస్తే మూడు నీళ్ళు, అంటే ఏటినీరు, ఊటనీరు, వాననీరు అని వ్యాఖ్యాతల మాట. రెండో నకారంతో రాస్తే ముందటి నీరు. తెలుగులో రెండు నకారాలూ ఒకటైపోయి ఆ ఆధారమే చెరిగిపోయింది.

రాజమండ్రి సభ్యులు: మున్నూరులో "ము" మూడే, ఒప్పుకుంటాను. కానీ ముంజేయి, ముంగురులు, ముంగిలి మాటేమిటి? నేలకు ముందున్న నీరే మున్నీరు. కద్రూవినతల కథలో సముద్రాన్ని అంత తనివితీరా వర్ణించిన నన్నయ మా గోదావరి ఒడ్డునే కూర్చుని రాశాడు, ఆ సంగతీ మరవకండి.

కాకినాడ సభ్యులు: నన్నయను పక్కన పెడితే, మూడు నీళ్ళన్న అర్థమే నాకు నచ్చుతుంది, ఆ మూడూ ఉప్పునీటిలో వెంటనే కలిసిపోవు గనుక. తేలికైన తీయనీరు పైన పరుచుకోవడం వల్ల ఉత్తర బంగాళాఖాతంలో చలికాలాన పైపొర చల్లబడినా కింది నీరు వెచ్చగానే ఉంటుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ప్రవాహం ఉత్తరానికి మళ్ళుతుంది. ఇది ఏటేటా ఒకలా ఉండదు. 1997లో లాగా హిందూమహాసముద్రపు తూర్పు భాగం చల్లబడి పడమర వేడెక్కిన ఏడాది తీయనీరు దక్షిణానికి అంత దూరం దిగదు.

ఖమ్మం సభ్యులు: అలాంటి ఏడాది మీ పాఠం తప్పుతుందన్నమాట. మా మున్నేటి పాఠానికి ఆ భయం లేదు.

భీమిలి సభ్యులు: ఇంత చదివాక, మామయ్య "తీయనీరు" అన్నాడో "తేటనీరు" అన్నాడో అని కొత్త అనుమానం పట్టుకుంది.