ఆవిరి మీద చేప: ముక్క ఇరగకుండ, మట్టి వాసన రాకుండ ఎట్ల?

పానగల్లు గట్టు
నూనె లేకుండ చేప వండాలె. ఇడ్లీ గిన్నెల బొచ్చె ముక్కలు పెడితే మట్టి వాసన పోతలేదు, తీయంగనే ముక్క ఇరుగుతుంది, పైన తెల్లగ నురగ గడ్డ కడుతుంది. ఏ చేప తీసుకోవాలె, ఎంతసేపు పెట్టాలె, మసాలా ఎప్పుడు రాయాలె? నీళ్లల్ల మెల్లగ ఉడికించుడు వచ్చినోళ్లు అది గూడ చెప్పండి.

మూసీ ఒడ్డు
ఇడ్లీ రేకులే తప్పు. గుంతల ముక్క వంగి కూసుంటది, తీసేటప్పుడు నడుమ ఇరుగుతది. చదునైన స్టీలు పళ్లెం పెట్టుకోండి, దాని మీద ఉల్లిగడ్డ చక్రాలు పరిచి ఆ పైన ముక్కలు పేర్చండి. కిందికెళ్లి గూడ ఆవిరి తగులుతది, ముక్క పళ్లానికి అంటదు. నీళ్లు తెర్లినంకనే పళ్లెం లోపల పెట్టాలె. సల్ల నీళ్ల మీద పెడితే వేడెక్కేదాక ముక్క నానుతనే ఉంటది. మట్టి వాసనకు నిమ్మరసం పిండి అరగంట పెట్టండి.

జూరాల కట్ట
అరగంట నిమ్మరసమా? అట్ల చేస్తే పొయ్యి మీద పెట్టకముందే ముక్క పైపొర తెల్లవడి బిరుసైతది. అది పులుపుకే సగం ఉడికినట్టు. ఆవిరి తగిలినంక పొడిపొడిగ సున్నం లెక్క ఐతది. నిమ్మకాయ దించినంక పిండాలె, అంతే.

మూసీ ఒడ్డు
దించినంక పిండితే మట్టి వాసన లోపలనే ఉంటది గద అన్నా. పైన పులుపు, లోపల చెరువు. ఎవరు తింటరు?

జూరాల కట్ట
చెరువు చేప తెచ్చుకొని నిమ్మకాయను తిట్టుడు ఎందుకు? పారే నీళ్ల చేప కొనండి, ఈ బాధనే ఉండదు.

వంటింటి తూకం
ఇద్దరి మాటల సగం సగం నిజం ఉంది. చేపల రసాయనం చదివి, వంటల పెట్టి చూసిన మనిషిగ చెప్తున్న, జర ఓపికగ చదవండి.

మట్టి వాసనకు కారణం జియోస్మిన్ అనే పదార్థం. నిలువ నీళ్లల్ల పాచి, కొన్ని సూక్ష్మజీవులు దాన్ని తయారు చేస్తయి. అది కొవ్వుల కరుగుతది, అందుకే పొట్ట కింది పలుచటి కండల, తోలు కింది నల్లటి కండల ఎక్కువ పేరుకుంటది. పుల్లటి నీళ్లల్ల అది విరిగి వాసన తగ్గుతది. మన పెద్దోళ్లు చెరువు చేపను చింతపండు పులుసుల వండిందానికి లెక్క ఉంది. సముద్రపు చేప నీసు వేరు, అది అమైన్ల వాసన. రెండింటినీ కలపొద్దు.

చేసే పని: ముందు పొట్ట లోపలి నల్ల పొరను గీకి తీసేయాలె. ఎన్నెముక వెంట నెత్తురు గడ్డ ఉంటది, వేలితోని తోసి కడగాలె. తర్వాత కిలో ముక్కలకు నిమ్మకాయంత చింతపండు పలుచగ పిసికిన నీళ్లు గని, పుల్లటి మజ్జిగ గని పోసి పది నిమిషాలు ఉంచాలె. అంతకు మించొద్దు. కడిగి, బట్టతోని తడి అద్దాలె. అరగంట అనేది తప్పు, అస్సలు వద్దనుడు గూడ తప్పే.

జూరాల కట్ట
మజ్జిగకు ఒప్పుకుంట. చింతపండు నీళ్లు అల్యూమినియం గంజుల మాత్రం పోయకుండ్రి, చేపకు లోహపు రుచి వస్తది. స్టీలుది గని మట్టిది గని.

పాలమూరు ఆకు
ఆకుల సుట్టి పెట్టుడు ఎవరూ చెప్తలేరు. అరిటాకును మంట మీద జర వాడగొట్టితే చిరగదు. మనకాడ లేత మోదుగాకులు దొరుకుతయి, నాలుగు కలిపి ఈనెతోని కుట్టుకోవచ్చు. టేకాకు మాత్రం వద్దు, ఎర్ర రంగు దిగి చేప నిండ పడుతది. ఆకుల ఉన్న ముక్కకు మూడు నిమిషాలు ఎక్కువ పెట్టండి, ఆవిరి నేరుగ తగలదు గనక.

మూసీ ఒడ్డు
మోదుగాకు ఇస్తరికే బాగుంటది. చేప రసం కుట్ల సందులకెళ్లి కారిపోతది, అసలు రుచి దాంట్లనే ఉంటది.

పాలమూరు ఆకు
లోపల ఇంకో ఆకు అడ్డం పెడితే కారదు అక్కా. కుట్టుడు రాకపోతే ఆకును తప్పు పట్టొద్దు.

డిండి వాగు
గొడవ ఆపి అడిగినదానికి చెప్పండి. రెండు సెంటీమీటర్ల మందం ముక్కకు నిండు ఆవిరిల ఏడెనిమిది నిమిషాలు. ముప్పావు కిలో నిండు చేపకు పదిహేను నుంచి పద్దెనిమిది. నిండు చేపకు రెండు పక్కల ఏలెడు దూరంల ఎముక దాక కోతలు పెట్టాలె, లేకపోతే తోక ఎండిపోతది, నడుమ పచ్చిగ ఉంటది. ఉడికిందా లేదా చూసేది ఎన్నెముక పక్కన. కత్తి మొన గుచ్చి తిప్పితే కండ ఎముకను ఇడిచి రావాలె, గాజు లెక్క మెరవొద్దు. మంట ఆపినంక మూత తీసి రెండు నిమిషాలు అట్లనే ఉంచి, వెడల్పు అట్లకాడతోని కిందికెళ్లి ఎత్తండి. వేడి వేడిగ పట్టుకుంటే ఏ చేప ఐనా ఇరుగుతది.

మూతకు బట్ట కట్టుడు మరిచిపోకండ్రి. మూత కిందికెళ్లి చుక్కలు పడితే మసాలా కారిపోతది.

వంటింటి తూకం
థర్మామీటరు ఉంటే ముక్క నడుమ 63 డిగ్రీలు రావాలె. మంచినీళ్ల చేపల పురుగుల భయం ఉంటది గనక అంతకు తక్కువ తీయొద్దు. 70 దాటితే రసం బయటికొచ్చి ముక్క ఎండుతది. ఆ తెల్ల నురగ గూడ రసంల ఉన్న మాంసకృత్తే, తిన్నా ఏం కాదు. తగ్గాలంటే లీటరు నీళ్లల్ల 50 గ్రాముల ఉప్పు కరిగించి, ముక్కలు పదిహేను నిమిషాలు ముంచి, తడి అద్ది పెట్టండి. అట్ల చేస్తే మసాలాల మళ్ల ఉప్పు వేయొద్దు.

కొర్రమట్ట ప్రియం
ఇంత చదివిన, కొర్రమట్ట పేరు ఒక్కరూ తీయలేదు! నడుమ ముల్లు తప్ప సన్న ముండ్లు ఉండయి, కండ గట్టిగ ఉంటది, ఆవిరికి దాన్ని మించింది లేదు. బొచ్చె, రవ్వల వీపు కండ నిండ చీలిన ముండ్లు ఉంటయి. పులుసుల ఐతే ఏరుకొని తింటరు, పిల్లలకు ఆవిరి ముక్క పెడితే భయమే.

జూరాల కట్ట
కొర్రమట్టను ఆవిరికి పెట్టుడు పైసలు పారేసినట్టు. దాని రుచి అంత పులుసులనే.

కొర్రమట్ట ప్రియం
మీకు జిగురు తీసుడు రాకపోయి ఉంటది, అందుకే అట్ల అంటున్నరు. బూడిద గని, తౌడు గని, రాళ్ల ఉప్పు గని పట్టించి, తల నుంచి తోక దిక్కు గట్టిగ రుద్ది కడగాలె, నాలుగైదు సార్లు. చెయ్యి జారుడు ఆగాలె. జిగురు ఉంటే ఆవిరిల అది ఉడికి తోలు మీద మడ్డి లెక్క పేరుకుంటది, వాసనంత దాంట్లనే.

జూరాల కట్ట
జిగురు తీసుడు నాకు నేర్పకు తమ్మీ. తోలు ఒలిచే పెట్టాలె అంటున్న.

కొర్రమట్ట ప్రియం
తోలు ఒలిస్తే ముక్క ఆకారం నిలువదన్నా. తోలు కిందికి పెట్టండి, తినేటప్పుడు తీయండి.

డిండి వాగు
నీళ్లల్ల ఉడికించుడు అందరూ మరిచిండ్రు. వెడల్పు గిన్నెల లీటరు నీళ్లు, చెంచ ఉప్పు, చీల్చిన ఉల్లిగడ్డ, నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు, పది మిరియాలు, కొత్తిమీర కాడలు, సగం నిమ్మకాయ. పదిహేను నిమిషాలు మరిగించి మంట తగ్గించాలె. గిన్నె అడుగున చిన్న బుడగలు పుట్టాలె గని పైకొచ్చి పగలొద్దు. అప్పుడు ముక్కలు జార ఇడిచి ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు. నీళ్లు ముక్క మీద వేలెడు ఉంటే చాలు. నిండు చేప ఐతే గోరువెచ్చటి నీళ్లల్లనే పెట్టి మెల్లగ వేడెక్కించాలె. మరిగే నీళ్లల్ల వేస్తే తోలు ఒక్కసారి ముడుచుకొని పగులుతది.

చేపల పులుసుల ముక్కలు వేసినంక గంటె పెట్టకుండ గిన్నె పట్టుకొని తిప్పుతం గద, ఇక్కడ గూడ అదే. ఆ నీళ్లు వడకట్టి చారు పెట్టుకోండి.

పాలమూరు ఆకు
మిరుగు నాడు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు, మాత్రం ఆవిరి చేప వద్దు. ఆ ఒక్క రోజు గిరాకీకి ఎన్నడో మంచుల పెట్టినవి గూడ అమ్ముతరు. పులుసుల, వేపుడుల పాతదనం దాగుతది, ఆవిరిల దాగదు. మొప్పలు ఎర్రగ ఉన్నయా, కండ ఒత్తితే మళ్ల లేస్తుందా చూసి కొనండి.

పానగల్లు గట్టు
మజ్జిగ, ఉప్పు నీళ్లు, చదును పళ్లెం, అన్నీ రాసుకున్న. మసాలా ఎప్పుడు రాయాలెనో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, వానకాలం చేపల గుడ్లు వస్తయి గద, అవి గూడ ఆవిరికి పెట్టొచ్చా?

మూసీ ఒడ్డు
మసాలా పొయ్యి మీద పెట్టేటప్పుడే రాయండి. అల్లం ఎల్లిగడ్డ పచ్చిది ఆవిరిల సరిగ వేగదు, పచ్చి వాసన వస్తది. మీరు నూనె వద్దన్నరు గని, చెంచెడు పర్వాలేదనుకుంటే దాంట్ల వేయించి రాస్తే మంచిది. గుడ్ల సంచి పగలకుండ కడిగి, ఉప్పు పసుపు రాసి, ఆకుల గట్టిగ సుట్టి పన్నెండు నిమిషాలు పెట్టండి. సల్లారినంకనే కోయాలె, వేడి మీద కోస్తే రాలిపోతది.