వర్క్‌షాప్‌లకు పంపుతూనే ఉన్నాం, సెషన్లలో మార్పు రావట్లేదు. సూపర్‌విజన్ ఎలా నడపాలి?

గోదావరి_కౌన్సెలింగ్

మా సెంటర్‌లో నలుగురు కౌన్సెలర్లు. ఇద్దరు ఎమ్మెస్సీ సైకాలజీ, ఒకరు ఎంఎస్‌డబ్ల్యూ, ఒకరు డిప్లొమా. ఒక్కొక్కరూ వారానికి 12 నుంచి 15 సెషన్లు చూస్తారు. ఎక్కువగా డిప్రెషన్, ఇంట్లో గొడవలు, మందు అలవాటు, ఇంటర్ పిల్లల పరీక్షల భయం.

ఏడాదికి రెండు మూడు వర్క్‌షాప్‌లకు పంపుతాం. సర్టిఫికెట్లు ఫైల్లో చేరుతున్నాయి గానీ సెషన్లో మాట తీరు మారడం లేదు. శనివారం గంటసేపు సూపర్‌విజన్ (కౌన్సెలర్ల పనిని కలిసి చూసి మెరుగుపరచడం) అని కూర్చుంటాం. "ఎవరొచ్చారు, ఎవరు మానేశారు" దగ్గరే ఆ గంట అయిపోతుంది.

అడగాలనుకున్నవి ఇవి. నెలకు ఎన్ని గంటలు పెట్టాలి, ఆ గంటలో ఏం చేయాలి? సెషన్లు రికార్డు చేయవచ్చా? వాళ్ల జీతం నిర్ణయించేదీ, సూపర్‌వైజ్ చేసేదీ నేనే, ఇది సరైనదేనా? రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు అడిగే శిక్షణ పాయింట్ల సంగతేమిటి?

ఓరుగల్లు_సూపర్‌వైజర్

మీ శనివారం గంట ఎందుకు వృథా అవుతోందంటే, అక్కడ కేసు గురించి మాట్లాడుతున్నారు గానీ సెషన్లో ఏం జరిగిందో ఎవరూ వినడం లేదు. కౌన్సెలర్ చెప్పే కథ వింటున్నారు. ఆమె అబద్ధం చెప్పకపోవచ్చు, కానీ తను ఏం మాట్లాడిందో ఎవరికీ మాట మాటా గుర్తుండదు. 2004లో విలియం మిల్లర్ బృందం అమెరికాలో 140 మంది వ్యసన చికిత్స కౌన్సెలర్ల మీద చేసిన అధ్యయనంలో ఇది బయటపడింది. "మాకు బాగా వచ్చేసింది" అని వాళ్లు ఇచ్చుకున్న అంచనాకూ, టేపులో వినిపించిన నైపుణ్యానికీ పొంతన లేదు. వర్క్‌షాప్ తర్వాత ఫీడ్‌బ్యాక్ గానీ కోచింగ్ గానీ అందినవాళ్లు ఎక్కువ మెరుగయ్యారు. అందుకే మీ డబ్బు, సమయం వర్క్‌షాప్ తర్వాతి వారాల మీద పెట్టండి.

గంటల లెక్క: బ్రిటన్‌లో కౌన్సెలర్ల సంఘం బీఏసీపీ తన అక్రెడిటెడ్ (గుర్తింపు పొందిన) సభ్యులకు నెలకు కనీసం గంటన్నర సూపర్‌విజన్ తప్పనిసరి చేసింది. అది కనీసం మాత్రమే. మీ వాళ్లు వారానికి 15 సెషన్ల దాకా చూస్తున్నారు కాబట్టి ఒక్కొక్కరికి పదిహేను రోజులకు గంట విడిగా, నెలకోసారి గంటన్నర అందరూ కలిసి. మీకు నెలకు తొమ్మిదిన్నర గంటలు పడుతుంది. డైరీలో ముందే రాసి పెట్టుకోకపోతే రెండో నెలకే జారిపోతుంది.

ఆ గంటను ఇలా నడపండి. మొదటి 5 నిమిషాలు ప్రాణాపాయం ఉన్న కేసులు మాత్రమే. తర్వాత 5 నిమిషాలు ఈ క్లయింట్ ఎవరు, ఎక్కడ ఇరుక్కున్నాం అన్నది. ఒక 15 నిమిషాలు రికార్డింగ్ ముక్క వినడం. కౌన్సెలర్ ముందే ఎంచుకున్న 5 నిమిషాల ముక్క ఒక్కటి చాలు, ఆపుతూ వింటే అంత సమయం పడుతుంది. ఆపే హక్కు కౌన్సెలర్‌దే, మీది కాదు. ఆపినప్పుడు మీ నోటి నుంచి రావాల్సిన మొదటి మాట "ఇక్కడ మీకేమనిపించింది?" అన్నదే. తర్వాత 25 నిమిషాలు అదే చోట వేరే మాట ఏం అనవచ్చో గొంతెత్తి అనిపించండి. కనీసం మూడు సార్లు. చివరి 10 నిమిషాల్లో వచ్చే సెషన్లో చేయబోయే ఒక్క పని రాయించండి.

సూపర్‌వైజర్లు చేసే పెద్ద తప్పు ఆ 25 నిమిషాలనూ తామే ఉపన్యాసంతో నింపడం. పక్కవాళ్లు ఈత కొడుతుంటే చూసి ఎవరికీ ఈత రాదు.

మూడు నెలలకు ఒకే నైపుణ్యం పెట్టుకోండి. మొదటిది రిఫ్లెక్షన్, అంటే ఎదుటివాళ్ల మాటలోని అర్థాన్ని పట్టుకుని తిరిగి చెప్పడం. ఇక్కడ తెలుగులో ఒక చిక్కు ఉంది. చివర "ఆ" చేరితే చాలు, వాక్యం ప్రశ్న అయిపోతుంది. క్లయింట్ అంటుంది: "ఎంత చేసినా ఇంట్లో లెక్క లేదండీ. పొద్దున లేస్తే మళ్లీ అదే." మన కౌన్సెలర్ సాధారణంగా ఇలా అంటుంది: "మీ ఆయనతో మాట్లాడి చూశారా?" శిక్షణ అయ్యాక ఇలా అంటుంది: "చాలా బాధగా ఉందా అమ్మా?" ఇది కొంచెం నయం, కానీ ఇదీ ప్రశ్నే. ఆమె "ఆఁ అండీ" అని ఆగిపోతుంది. "ఇంత చేస్తున్నా, మీరనే మనిషి ఉన్నట్టే వాళ్లకు పట్టడం లేదు" అని గొంతు దించి అని, ఆగండి. అప్పుడు ఆమె తనంతట తనే తర్వాతి మాట చెబుతుంది. టేపు వింటూ కాగితం మీద రెండు గళ్లు గీసి "ఆ"తో ముగిసినవి, ముగియనివి గీతలు పెట్టించండి. "ఎందుకు", "ఎప్పుడు" అని అడిగినవి కూడా ప్రశ్నల గడిలోనే వేయాలి. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ (మారాలన్న కోరిక క్లయింట్ నోటి నుంచే వచ్చేలా మాట్లాడే పద్ధతి)ను కొలిచే ఎంఐటీఐ 4 అనే స్కేలులో 20 నిమిషాల ముక్క తీసుకుంటారు. ప్రశ్నకొక రిఫ్లెక్షన్ ఉంటే ఫర్వాలేదు, రెండు ఉంటే బాగున్నట్టు. మందు కేసులకు దీన్నే కొలతగా పెట్టుకోవచ్చు.

విశాఖ_సైకోసోషల్

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను. ఒక్క వరుస మాత్రం మార్చాలి. మొదటి మూడు నెలల నైపుణ్యం ఆత్మహత్య రిస్క్ అడగడమే కావాలి. రిఫ్లెక్షన్ ఆలస్యమైతే సెషన్ బలహీనపడుతుంది, ఇది ఆలస్యమైతే మనిషే పోతాడు.

మన కౌన్సెలర్లు రిస్క్ అడగరని కాదు, అడిగే తీరులోనే దాటేస్తారు. "పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?" అంటారు. "లేవు కదా" అన్నాక జవాబు మనమే చెప్పేసినట్టు. పైగా "పిచ్చి" అనడంతో ఆ ఆలోచన సిగ్గుపడాల్సిందని ముద్ర వేశాం. "ఇంత కష్టంలో ఉన్నప్పుడు కొందరికి చచ్చిపోతే బాగుండనిపిస్తుంది. మీకు అలా అనిపించిందా?" అని నేరుగా, మామూలు గొంతుతో అడగాలి. అవునంటే ఎలా అనుకున్నారు, దానికి కావాల్సినది ఇంట్లో ఉందా, ఇంతకు ముందు ప్రయత్నించారా అన్నవి ఒక్కొక్కటిగా. ఈ నాలుగు వాక్యాలూ నోరు తిరిగేదాకా గ్రూపులో ఒకరితో ఒకరు అనిపించండి. చాలామంది "చచ్చిపోతే" దగ్గర గొంతు తగ్గిస్తారు. అది సరిదిద్దాల్సిన చోటు.

ఆత్మహత్య ఆలోచన వస్తే ఏం చేయాలో క్లయింట్‌తో కలిసి ముందే రాసుకునే స్టాన్లీ–బ్రౌన్ సేఫ్టీ ప్లాన్‌లో ఆరు మెట్లు: హెచ్చరిక గుర్తులు, తనంతట తను చేసుకోగలిగేవి, మనసు మళ్లించే మనుషులు–చోట్లు, సాయం అడగదగిన వాళ్లు, వైద్యులు–హెల్ప్‌లైన్లు, ప్రాణం తీసే వస్తువులను దూరం చేయడం. ఆఖరి మెట్టును కాగితం మీద "ఇల్లు సురక్షితం" అని రాసి వదిలేస్తారు. మన పల్లెల్లో దాని అర్థం పురుగుల మందు డబ్బా. ఎక్కడ ఉంది, ఎవరు తీస్తారు, ఇవాళే ఎవరింటికి పంపుతారు అన్నది క్లయింట్ ఒప్పుకున్నాక ఇంట్లో వాళ్లతో తేల్చాలి. సూపర్‌వైజర్ అడగాల్సిందీ అదే: "డబ్బా కదిలిందా?" అయిదో మెట్టులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ–మానస్ 14416 నంబరు క్లయింట్ ఫోన్‌లో సేవ్ చేయించండి.

ఇక ఏ కేసు తేవాలన్నది కౌన్సెలర్ ఇష్టానికి వదిలేస్తే బాగా నడిచినవే వస్తాయి. డిప్రెషన్ క్లయింట్లకు ప్రతి సెషన్ ముందు పీహెచ్‌క్యూ–9 (డిప్రెషన్ తీవ్రతను కొలిచే తొమ్మిది ప్రశ్నల ఫారం) నింపించండి. మొత్తం 27, నాలుగైదు సెషన్లయినా 5 పాయింట్లు తగ్గని కేసు తప్పనిసరిగా టేబుల్ మీదికి రావాలి. చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాక వేరే ఏం వచ్చినా ఆ రోజే మీకు తెలియాలి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించాలి, కానీ "ఏముందిలెండి, సున్నా వేద్దామా" అన్న ధోరణిలో కాదు.

అందరికీ సూపర్‌వైజర్ దొరకని చోట గోవాలో సంగత్ సంస్థ చేసిన పని చూడండి. మామూలు చదువుతో వచ్చిన కౌన్సెలర్లే ఒకరి రికార్డింగులకు ఒకరు, గ్రూపులో, తయారైన స్కేలుతో మార్కులు వేసుకున్నారు. మీ నెలవారీ గ్రూపు దీనికే వాడుకోండి.

హైదరాబాద్_క్లినికల్

రికార్డింగ్ చేయవచ్చు, కానీ పద్ధతిగా. సమ్మతి పత్రం కౌన్సెలింగ్ ఫారంతో కలపకండి, వేరే కాగితం పెట్టండి. "ఈ రికార్డింగ్ నా పని మెరుగుపడటానికి. మా సూపర్‌వైజర్ మాత్రమే వింటారు. వద్దంటే మీకిచ్చే సేవలో తేడా ఉండదు, మధ్యలోనూ ఆపమనవచ్చు" అని నోటితో చెప్పాక సంతకం. గ్రూపులో వినిపించాలనుకుంటే ఆ సంగతీ అందులో ఉండాలి. పిల్లలైతే తల్లిదండ్రుల సంతకం, పిల్లల ఒప్పుకోలు రెండూ.

సొంత ఫోన్ వాడనివ్వకండి. ఫైలు తనంతట తనే క్లౌడ్‌లోకి వెళ్లిపోతుంది, ఎవరూ గమనించరు. సెంటర్‌కు ఒక వాయిస్ రికార్డర్ కొనండి, ఫైలుకు పేరు బదులు కోడ్ పెట్టండి, సూపర్‌విజన్ అయిన రోజే చెరిపేయండి. వాట్సాప్‌లో పంపడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. గృహహింస కేసుల్లో అసలు రికార్డు చేయకపోవడమే మేలని నా అభిప్రాయం. బదులుగా సెషన్ అయిన అరగంటలోపు ఒక 5 నిమిషాల సంభాషణను ఇద్దరి మాటల్లోనే రాయించండి. అరగంట దాటితే అన్నది కాక అనాల్సింది రాసేస్తారు.

గోప్యతకున్న హద్దు మీ నలుగురికీ నోటికి రావాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా ఇస్తూనే ప్రాణాపాయం లాంటి మినహాయింపులూ చెప్పింది. పోక్సో 2012లో 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు ఉండవచ్చు. మొదటి సెషన్లోనే ఈ హద్దు చెప్పని కౌన్సెలర్ తర్వాత క్లయింట్‌ను మోసం చేసినట్టవుతుంది.

జీతం, సూపర్‌విజన్ ఒకరి చేతిలోనే ఉంటే ఎవరూ తమ చెత్త టేపు తీసుకురారు. దగ్గర్లో మీలాంటి సెంటర్‌తో మార్పిడి చేసుకోండి: వాళ్ల వాళ్లను మీరు, మీ వాళ్లను వాళ్లు, వీడియో కాల్‌లో అయినా సరే. కుదరకపోతే కాగితం మీద రాసుకోండి. సూపర్‌విజన్‌లో విన్నది అప్రైజల్‌లోకి రాదు. క్లయింట్‌కు ప్రమాదం, చట్టం లేదా నైతిక నియమం ఉల్లంఘన, ఈ రెండింటికే మినహాయింపు.

పాయింట్ల విషయం: ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్టర్‌లో ఉన్నవాళ్లకు రెన్యువల్‌కు సీఆర్‌ఈ పాయింట్లు, అంటే నిరంతర శిక్షణ పాయింట్లు కావాలి. మీ నలుగురి అర్హతలు చూస్తే ఆ రిజిస్టర్‌లో ఉండకపోవచ్చు. సైకాలజిస్టులను, కౌన్సెలర్లను, సోషల్ వర్కర్లను 2021 అలైడ్ అండ్ హెల్త్‌కేర్ చట్టం తన షెడ్యూల్లో చేర్చింది. కాబట్టి తేదీ, గంటలు, విషయం, ఎవరు నేర్పారు అన్న నాలుగు గళ్ల రిజిస్టర్ ఇప్పటినుంచే ఉంచండి. సూపర్‌విజన్ గంటలూ అందులో వేయండి.

గోదావరి_కౌన్సెలింగ్

అందరికీ ధన్యవాదాలండీ. మార్పిడికి పక్క ఊరి సెంటర్‌ను అడుగుతాను. మరి నేను సూపర్‌వైజ్ చేసే తీరు సరిగ్గా ఉందో లేదో ఎవరు చూస్తారు?

ఓరుగల్లు_సూపర్‌వైజర్

మంచి ప్రశ్న. కౌన్సెలర్ ఒప్పుకుంటే మీ సూపర్‌విజన్ గంటనే మూడు నెలలకోసారి రికార్డు చేసి, ఆ పక్క సెంటర్ సూపర్‌వైజర్‌తో కలిసి వినండి. రెండే చూడండి. మీరు ఎన్ని నిమిషాలు మాట్లాడారు, కౌన్సెలర్ ఎన్ని నిమిషాలు? కొత్త మాటను ఆమె గొంతెత్తి ఎన్ని సార్లు అన్నది? మొదటి లెక్కలో మీ వాటా సగం దాటినా, రెండోది మూడు కన్నా తగ్గినా, వచ్చే మూడు నెలలకు మీ పాఠం అదే.